మృగశిర నాటి చేప ఏ సముద్రానిది?

సంపాదకులకు నమస్కారం.

నేను హన్మకొండలో ఒక చిన్న కర్రీ పాయింట్ నడుపుతాను, పదమూడేళ్లయింది. వరంగల్‌లో కూర్చుని సముద్రం గురించి ఉత్తరం రాసేదేందని మీకు అనిపించొచ్చు. మా ఆవిడకైతే అనిపించింది, "ముందు గ్యాస్ బుక్ చెయ్, సముద్రం సంగతి తర్వాత చూద్దాం" అంది. కానీ వారంలో నాలుగు రోజులు నా పొయ్యి మీద ఉడికేది సముద్రం చేపే. కానాగంతలు, వంజరం, అప్పుడప్పుడు చందువా, ఆదివారం రొయ్యలు. మన చెరువు చేపల్లో ముల్లు ఎక్కువని పిల్లలు తినరు, అందుకే సముద్రం చేపకు గిరాకి పెరిగింది, నేనూ దాంతోనే నాలుగు పైసలు చూశాను. కాబట్టి ఈ ఉత్తరంలో నేను ఎవరినైనా తిడుతున్నట్టు కనిపిస్తే అందులో మొదటి వాణ్ని నేనేనని అనుకోండి.

మృగశిర కార్తె నాడు మన దగ్గర చేప కోసం ఎంత తండ్లాట ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. జూన్ 7నో 8నో కార్తె వస్తుంది. ఆ రోజు చేప ముక్క నోట్లో పడాల్సిందే, తినని వాళ్లు ఇంగువ బెల్లం కలిపి మింగుతారు. తెల్లారి నాలుగింటికే చేపల మార్కెట్లో నిలబడటానికి జాగ ఉండదు, కొర్రమీను ధర అడగడానికే భయమేస్తుంది, మధ్యాహ్నం పన్నెండుకల్లా నా దగ్గర పులుసు అయిపోయి జనం గరిట వంక చూస్తుంటారు. ఏడాదిలో నాకు బాగా సాగే రోజుల్లో అదొకటి.

ఇప్పుడు అసలు సంగతి. తూర్పు తీరంలో, అంటే ఆంధ్ర, ఒడిశా, తమిళనాడు, బెంగాల్ వైపు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. 2015కి ముందు ఇది 47 రోజులే ఉండేది, తర్వాత పెంచారు. పడమటి తీరంలో, కర్ణాటక నుంచి గుజరాత్ దాకా, జూన్ 1 నుంచి జూలై 31 వరకు, కేరళ మాత్రం తన తీరంలో జూన్ 9 అర్ధరాత్రి నుంచి మూస్తుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. కేరళను పక్కన పెడితే జూన్ 1 నుంచి 14 దాకా రెండు తీరాలూ మూసే ఉంటాయి, ఇంకే రేవు నుంచీ మరబోటు వేటకు పోకూడదు, మన మృగశిర సరిగ్గా ఆ పద్నాలుగు రోజుల నడుమ వచ్చి కూర్చుంటుంది. పదేళ్లు చేపలు కొన్నాక గానీ నాకు ఈ ముక్క తట్టలేదు, సిగ్గుగానే ఉంది.

మరి ఆ రోజు నా ముందుకు వచ్చే డబ్బా ఎక్కడిది? ఏప్రిల్‌కు ముందే పట్టి కోల్డ్ స్టోరేజీలో దాచింది కావచ్చు. కేరళ నుంచి వచ్చింది కావచ్చు. ఇంజిన్ లేని పడవల వాళ్లు ఒడ్డు దగ్గర పట్టింది కావచ్చు, వాళ్లకు నిషేధం వర్తించదు, ఆ చేప న్యాయమైన చేప. లేదంటే ఎవరో రాత్రిపూట దొంగచాటుగా బోటు తీసి పట్టింది కావచ్చు. ఈ నాలుగింట్లో ఏదో చెప్పే చీటీ ఒక్కటీ ఆ థర్మాకోల్ డబ్బా మీద ఉండదు. నేను కొనే వ్యాపారిని అడిగాను. "ఫ్రెష్ అన్నా, నిన్న రాత్రిదే, మొప్పలు చూడు ఎంత ఎర్రగున్నయో" అన్నాడు. మొప్పలు ఎర్రగానే ఉన్నాయి, నాకు భయం వేసింది కూడా అందుకే. నిన్న రాత్రిదైతే నిన్న రాత్రి వేటకు పోయిందెవరు? "అన్నా, నువ్వు పులుసు పెడతవా, పెళ్లి సంబంధం చూస్తవా, ఇన్ని వివరాలెందుకు" అని నవ్వి తూకం వేశాడు. నేనూ నవ్వి డబ్బులిచ్చి వచ్చేశాను. ఇది మూడేళ్ల కిందటి మాట.

ఆ తర్వాత డబ్బా మూత తీసినప్పుడల్లా చేతులు కొంచెం నెమ్మదించాయి. ఒకరోజు మా చిన్నదాని స్కూలు స్కేలు తెచ్చి గట్టు మీద పెట్టి కానాగంతలు కొలిచాను. మా వంటమనిషి నాకు పిచ్చి లేచిందనుకుంది. కేరళలో 58 రకాల చేపలకు ఇంతకంటే చిన్నవి పట్టొద్దు, అమ్మొద్దు అని కొలత పెట్టారు, కానాగంతకు 14 సెంటీమీటర్లు, నూనె కవళ్లకు 10. నా గట్టు మీద చేపల్లో సగం పదకొండు, పన్నెండు దగ్గరే ఆగిపోయాయి. పొట్ట కోస్తే లోపల జన, అంటే గుడ్లు, లేదు, జన వచ్చే వయసే రాలేదు వాటికి. కిందనేమో ఐసు నీళ్లలో చిటికెన వేలంత సావడాయి పిల్లలు, తోక విరిగిన చిన్న పీత ఒకటి, అరచేతంత టేకు చేప పిల్ల ఒకటి. ఇవి నేను కొన్నవి కావు, వాటంతట అవే వచ్చాయి. వల ఏది పట్టాలో ఏది వదలాలో చూసుకోదు కదా.

ఇంకో పక్క, కడుపు నిండా జన ఉన్న చేప దొరికితే నాకు పండగ. జన వేపుడంటే ప్రాణం పెట్టే గిరాకీలు ఉన్నారు, ఫోన్ చేసి మరీ అడుగుతారు. అంటే పిల్లదాన్నీ వదలం, తల్లినీ వదలం, ఇక వచ్చే ఏడు చేపలు ఎక్కడి నుంచి రావాలి?

ట్రాలింగ్ అంటే ఏమిటో మన రైతులకు ఒక్క మాటలో చెప్పొచ్చు, గుంటుక. వలకు రెండు పక్కల బరువైన బోర్డులు కడతారు, మూతి కింద గొలుసు ఉంటుంది, బోటు దాన్ని సముద్రం అడుగున గంటల తరబడి లాగుతుంది. పైరు ఉన్న చేనులో గుంటుక తోలినట్టే, కలుపూ పోతుంది, పైరూ పోతుంది, పురుగూ వానపామూ అన్నీ పోతాయి. వల చివరి సంచికి కన్నం సన్నగా ఉంటే పిల్ల చేప బయటపడదు. కన్నం కాస్త పెద్దదైనా వజ్రం ఆకారంలో ఉంటే బరువుకు సాగి మూసుకుపోతుందట, చదరపు కన్నాలైతే తెరుచుకునే ఉంటాయట, అందుకే చదరపు కన్నాల సంచి వాడమని శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. రొయ్యల కోసం లాగిన వలలో రొయ్యలతో పాటు వచ్చే ఈ చిల్లర చేపను ఒకప్పుడు సముద్రంలోనే పారబోసేవాళ్లు. ఇప్పుడు దానికీ గిరాకి దొరికింది. ఎండబెట్టి పొడి చేసి ఫిష్ మీల్ అంటారు, అది రొయ్యల చెరువుల మేతలోకి, కోళ్ల దాణాలోకి పోతుంది. మన చుట్టుపక్కల ఎన్ని కోళ్ల ఫారాలున్నాయో లెక్కపెట్టుకోండి. నేను చేప ముట్టను, చికెన్ ఒక్కటే తింటా అనేవాడి ప్లేట్లోకి కూడా సముద్రం అట్లా దొడ్డిదారిన వచ్చి చేరుతుంది. చెత్తకు ధర పలికింది కాబట్టి చెత్తను తగ్గించుకోవాలన్న తొందర ఎవరికీ లేదు, నాకు తెలిసి రోగమంతా ఇక్కడే ఉంది.

2025 సంక్రాంతి సెలవులకు పిల్లల్ని తీసుకుని సూర్యలంక పోయాం. మనకు దగ్గర్లో పడే సముద్రం అదే కదా, వరంగల్‌లో రైలెక్కితే బాపట్లలో దిగడమే. పొద్దున్నే ఇసుకలో నడుస్తుంటే మా చిన్నది ముందు ఉరికి మళ్లీ అంతే వేగంగా వెనక్కి వచ్చింది. తాబేలు. మా అన్నం గంజు మూతంత ఉంది. ఒంటి మీద ఒక్క గాయం లేదు, డిప్ప చక్కగా ఉంది, కానీ మెడ ఉబ్బి కళ్లు బయటికి వచ్చేశాయి, ముందు రెక్క ఒకటి ఈదుతున్నట్టే చాపి ఉంది, దాని చుట్టూ కాకులు. "నీళ్లల్ల ఉండేది నీళ్లల్ల మునిగి ఎట్ల సచ్చిపోతది డాడీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే చెప్పాడు, "గాలి పీల్చుకోడానికి అది పైకి రావాలి కదమ్మా. బోట్లోళ్ల వలలో ఇరుక్కుంటే ఎట్టా వస్తది? రెండు గంటలు లాగుతారు, మూడు గంటలు లాగుతారు." అంతే, మళ్లీ తన వలలో పడిపోయాడు. అదే నెలలో చెన్నై బీచ్‌ల మీదకు వందల తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయని వార్తల్లో చూశాం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు, ఆ చలికాలంలోనే గుడ్లు పెట్టడానికి తీరం దగ్గరికి వస్తాయి, ఆ చలికాలంలోనే బోట్లు కూడా జోరుగా తిరుగుతాయి.

అవి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి కూడా ఉన్నది అందులోనే. ఏటూరునాగారం అడవిలో పులి అడుగు ఒకటి కనిపిస్తే మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేస్తారు, వేయాలి కూడా, తప్పు పట్టడం లేదు. కానీ అదే షెడ్యూల్‌లో ఉన్న ప్రాణి లైన్లుగా చచ్చి పడి ఉంటే అది ఒడ్డు ఊళ్ల వార్త మాత్రమే అవుతోంది.

దీనికి మందు లేదా అంటే ఉంది. వలలో ఒక ఇనుప జల్లెడ లాంటిది బిగిస్తారు, రొయ్యలు దాని సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు ఆ జల్లెడకు తగిలి పైన ఉన్న తలుపులోంచి బయటికి పోతుంది. టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయేలా ఒకటి తయారు చేసింది కూడా. ఆ తలుపులోంచి మంచి సరుకూ జారిపోతుందని బోటు యజమానుల బాధ, కొంత జారుతుంది కూడా, అది అబద్ధం కాదు. కానీ ఇది పెట్టుకోవడం లేదన్న కారణంతోనే 2018 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువు రొయ్య పోతోంది, సముద్రం రొయ్య పోవడం లేదు. మన తాబేలు బాగుండాలని వాళ్లు ముఖం తిప్పుకుంటే, వాళ్లు వద్దన్న రొయ్యను మనం ఆదివారం బిర్యానీలో వేసుకుంటున్నాం. నేను వేసుకున్నాను, వడ్డించాను కూడా.

ఇదంతా చదివి మత్స్యకారుల మీద కోపం తెచ్చుకుంటే పెద్ద తప్పు చేసినట్టే. నిషేధం ఉన్న రెండు నెలలకు ఆంధ్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 2025 నుంచి 20 వేల రూపాయలు ఇస్తోంది, అంతకుముందు 10 వేలు. నా కర్రీ పాయింట్ రెండు నెలలు మూసుకో, 20 వేలు తీసుకో అని ఎవరైనా అంటే నేనేమంటానో నాకు తెలుసు. పైగా ఈ వలల దెబ్బ ముందు తగిలేది చిన్న పడవల వాళ్లకే. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల వాళ్లే వేటాడాలి, పెద్ద బోట్లు ఆ గీత దాటి బయట ఉండాలి అని ఆంధ్రలో నిబంధన ఉంది. గీత నీళ్ల మీద ఉంటుంది, కాపలా ఎవరు కాస్తారు? 2022 జనవరిలో విశాఖలో చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల గొడవ వచ్చి మత్స్యకారులకూ మత్స్యకారులకూ మధ్యే కొట్లాటై పడవలు తగలబడ్డాయి. చేప తగ్గినప్పుడు ఇంకేమవుతుంది, ఉన్న కాస్త కోసం పక్కవాడి మీద పడతారు. రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం, పెద్ద లైట్లు వేసి చేపల్ని గుంపుగా రప్పించి పట్టడం, ఈ రెండింటినీ కేంద్రం 2017లోనే ఆపేయమంది. అవి కూడా పుట్టింది ఈ కరువులోంచే.

నాకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొస్తుంది. మా ఊరి చెరువు అలుగు పారిందంటే మేం పిల్లలం దోమతెర పట్టుకుని ఉరికేవాళ్లం. కొత్తనీటికి ఎదురెక్కే చేపలు, కడుపులు ఉబ్బి ఉండేవి, వాటితో పాటు చిన్న పిల్లలు బొచ్చెడు. ఒకసారి మా వాడకట్టు ముదిరాజ్ తాత ఒకాయన నా బకెట్ చూసి పిల్లల్ని ఏరి మళ్లీ నీళ్లల్లో పోశాడు. నేను ఏడ్చాను. "తూకానికి రావు బిడ్డా ఇవి, వచ్చే ఎండాకాలం కిలోన్నర అయితయి, అప్పుడు నీకే ఇస్త తీ" అన్నాడు. ఇచ్చాడో లేదో గుర్తు లేదు, ఇచ్చి ఉండడు. కానీ ఆ చెరువులో ఎవరి చేప ఎంతకు పెరుగుతుందో ఆయనకు తెలుసు, చెరువు సంఘానికీ తెలుసు, వల ఎప్పుడు వేయాలో వాళ్లే కూర్చుని తేల్చుకునేవాళ్లు. సముద్రానికి అట్లాంటి కట్ట లేదు, అలుగు లేదు, కొనేవాడికీ పట్టేవాడికీ ముఖపరిచయం లేదు. మధ్యలో ఉన్నది థర్మాకోల్ డబ్బా ఒక్కటే.

అందుకే నేను అడిగేది ఆ డబ్బా గురించే. ఇప్పుడు నిషేధం అంటే రేవులో బోటును ఆపడం, అక్కడితో అయిపోతోంది. డబ్బా లారీ ఎక్కిన తర్వాత అడిగే దిక్కు లేదు, మన రాష్ట్రంలోకి వచ్చాకైతే అసలే లేదు, ఎందుకంటే మనకు సముద్రం లేదు కాబట్టి సముద్రం చేప మన అధికారుల పని కాదన్నట్టు ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూలై 31 దాకా మన మార్కెట్లకు వచ్చే ప్రతి సముద్రం చేపల డబ్బా మీద ఏ రేవు, ఏ రోజు పట్టింది, స్టోరేజీదా తాజాదా అని ఒక చీటీ ఉండాలని రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు కూర్చుని ఒక ఆర్డర్ వేస్తే ఏం పోతుంది? పాల ప్యాకెట్ మీద తేదీ లేకపోతే కొంటామా మనం? ఇంజిన్ లేని పడవ వాడు పట్టిన చేపకు ఆ చీటీ వల్ల నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చినా నేను ఇస్తాను, దొంగ బోటు వాడి దానికీ దీనికీ ఒకే ధర ఇవ్వడమే నాకు కష్టంగా ఉంది. కొలత సంగతి కూడా అంతే. కేరళలో లాగా కనీస సైజు పెట్టాలి, సముద్రం మీదే కాదు, అమ్మే గట్టు మీద కూడా చూడాలి. తూనికలు కొలతల వాళ్లు వచ్చి నా కాంటా రాళ్లు చూసి పోతారు, మంచిదే, ఒక స్కేలు కూడా జేబులో వేసుకుని రమ్మనండి.

మృగశిరకు సముద్రం చేప లేకపోతే మన పండగేమీ ఆగిపోదు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి పెంపకం చేపల లారీలు ఎట్లాగూ వస్తాయి. మన చెరువుల్లో 2016 నుంచి సర్కారు చేప పిల్లల్ని వదులుతోంది, ఎండాకాలం చివర నీళ్లు తగ్గి రవ్వలు, బొచ్చెలు, బంగారు తీగలు చేతికొచ్చే సమయం కూడా అదే. అసలు కార్తె నాడు మన పెద్దవాళ్లు తిన్నది ఈ చేపే కదా, వాళ్లకు వంజరం ఎవరు తెచ్చి పెట్టారు?

పోయిన మృగశిరకు నేను అట్టముక్క మీద మార్కర్‌తో రాసి కౌంటర్ దగ్గర కట్టాను, "ఈ రోజు చెరువు చేపే. సముద్రంలో వేట బంద్" అని. కొందరు చదివి "ఓహో" అన్నారు. కొందరు చదవకుండానే "కానాగంత లేదా, అయితే వద్దు" అని పక్క దుకాణానికి పోయారు, అక్కడ ఉంది మరి. ఒకాయన మాత్రం చాలాసేపు నిలబడి, "వేట బంద్ ఎవరు చెప్పిండ్రు నీకు, నేను రోజూ పేపర్ చదువుత, ఎక్కడ రాలే" అన్నాడు. ఆయన మీ పేపరే చదువుతాడు, చంకలో అదే ఉంది. ఆ రోజు రవ్వ పులుసు అర గంజు మిగిలితే రాత్రి మేమే తిన్నాం, ముల్లు ఏరుకుంటూ.

ఆయన మాట కోసమే ఈ ఉత్తరం. ఏనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి ధరలు రోజూ వేస్తారు, బంగారం ధర వేస్తారు, కోడిగుడ్ల ధర కూడా వేస్తారు. ఏప్రిల్ 15 నుంచి దాని కిందే ఒక్క లైను కలపండి: సముద్రంలో మరబోట్ల వేట, తూర్పు తీరం బంద్, పడమటి తీరం నడుస్తోంది, అని. జూన్ 1 వచ్చాక రెండూ బంద్ అని మార్చండి. నేను దాన్ని కత్తిరించి రోజూ కౌంటర్ మీద అతికిస్తాను, నా మార్కర్ రాత కంటే అచ్చులో ఉన్నదాన్ని జనం నమ్ముతారు. మిగతా కర్రీ పాయింట్ల వాళ్లతో మాట్లాడటం నా వంతు, ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు, మూడో ఆయన "ముందు పేపర్ల రానీ అన్నా" అన్నాడు.

ఇట్లు,
ఒక కర్రీ పాయింట్ నిర్వాహకుడు,
హన్మకొండ.